ఇంటర్వెల్లో చెప్పేసిన కథ

మా సత్సంగంలో ఒక కట్టుబాటు ఉంది. పురాణం చదవడం మొదలుపెట్టే ముందే, ఆ రోజు కథ చివరికి ఏమవుతుందో చెప్పేయాలి. వినేవాళ్లలో అంగడి తెరవాల్సినవాళ్లు ఉంటారు, బస్సు పట్టుకోవాల్సినవాళ్లు ఉంటారు. కథలో ఎవరో ఆపదలో ఉండగా సగంలో లేచిపోతే, ఆ ఆపదలోనే వాళ్లను వదిలిపెట్టి పోయినట్టని, అది దోషమని మా పెద్దలు చెప్పారు. బళ్లారి కౌల్ బజార్‌లో బట్టల అంగడి నడుపుకుంటూ ముప్పై ఏళ్లుగా సత్సంగంలో చదివేది నేనే. చివర తెలిసిన కథ విసుగని ఎవరూ అనగా వినలేదు. దేవుడు కాపాడతాడని తెలిసే వింటాం, తెలిసే కన్నీళ్లు పెట్టుకుంటాం.

నా భార్య పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. ఆమె తమ్ముడు బళ్లారిలోనే ఉంటాడు. అక్క పోయినా బావను మరవకూడదని, నెలకొక ఆదివారం మ్యాట్నీకి నన్ను వెంటబెట్టుకొని పోయేవాడు. అతను, కాలేజీలో చదివే అతని కూతురు, నేను. సినిమాల మీద నాకు మోజు లేదు. మూడు గంటలు ఇద్దరు మనుషుల పక్కన కూర్చోవచ్చని పోయేవాణ్ణి. మిగతా ఆదివారాలు ఆ ఒక్క ఆదివారాన్ని తలుచుకుంటూ గడిచేవి.

ఒకసారి సినిమాను అమ్మాయి ఎంచింది. సస్పెన్స్ థ్రిల్లర్. ఒక పాత బంగళాలో వరసగా మనుషులు మాయమవుతుంటారు. అక్కడుండే డాక్టరుతో సహా అందరి మీదా అనుమానమే. ఇంటర్వెల్ ముందు ఒక పసిపిల్లను ఎవరో నేలమాళిగలో పెట్టి తాళం వేస్తారు. తాళం వేసినవాడి ముఖం కనిపించదు. హాల్లో లైట్లు వెలిగాయి. బామ్మర్ది ఒళ్లు విరుచుకున్నాడు.

"బలే బేజారు సినిమా బావా. గంటన్నర నుంచి తలుపులు కిర్రుమనేదే. లేయండి, పోదాం."

"గుర్రుపెట్టి నిద్రపోయి బేజారంటావేంది నాయినా?" అంది అమ్మాయి. "నాకు చేతులు చల్లబడిపోయినాయి. నేను రాను."

"అయితే నువ్వుండు. మేం పోతాం" అని లేచాడు.

పసిపిల్ల చీకట్లో ఉండగా లేవడమా? నాకు మనసొప్పలేదు. "ఉండప్పా, చివర విని పో. పాపకేం కాదు. ఇదంతా చేసింది ఆ డాక్టరు. కరెంటు పోయినప్పుడల్లా ఆయనొక్కడే తడుముకోకుండా నడిచినాడు, చూల్లేదా?" అన్నాను. మైకు లేకుండా పురాణం చదివే గొంతు నాది. చుట్టూ నాలుగు వరసలు తిరిగి చూశాయి.

"యో పెద్దాయప్పా, సినిమా తీసింది నువ్వేనా ఏంది? ఇంగ మేమేం చూడల్ల?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నవ్వులు. అమ్మాయి నవ్వలేదు. బామ్మర్ది మళ్లీ కూర్చున్నాడు.

చివరికి డాక్టరే పట్టుబడ్డాడు, పాప క్షేమంగా బయటికొచ్చింది. నేను సంతోషంగా పక్కకు తిరిగితే అమ్మాయి ఫోను చూసుకుంటోంది.

బయట టీ తాగేటప్పుడు బామ్మర్ది, "నేను చెప్పలే, బేజారని?" అన్నాడు.

"ఇంటర్వెల్ దాకా సూపర్‌గా ఉండె. ఆమీద మామ బేజారు చేసినారు" అంది అమ్మాయి.

"తెలిసినా చూడొచ్చు గదమ్మా. పురాణం మేం అట్లే వింటాం."

"పురాణంలో దేవుడుంటాడు మామా. ఈడ ఆ డాక్టరు తప్ప ఎవరుండారు?"

టీ డబ్బులు నేనిచ్చాను.

తర్వాతి నెల పిలుపు రాలేదు. బామ్మర్ది ఏదో పనిమీద అంగడికి వచ్చినప్పుడు నేనే అడిగాను. "పోయినవారం పోయొచ్చినాం బావా. మా పాప స్నేహితులొచ్చిరి, సీట్లు చాల్లేదు" అన్నాడు, అరల్లోని చీరలవైపు చూస్తూ.

నాలుగు రోజులు ఆగి అమ్మాయికి ఫోను చేశాను. ముందు పరీక్షల గురించి అడిగాను. ఆ తర్వాత, "ఈ తూరి నన్నూ పిలువమ్మా. నోరు తెరవను. ఇంటర్వెల్లో బయటే నిలబడతా" అన్నాను.

"అయ్యో, అట్లేం లేదు మామా" అని నవ్వింది. "చూద్దాం. నాయిన్ను అడిగి చెప్తా."

దేవుడు నన్ను ఏ పూటా ఒంటరిగా వదల్లేదు. ఆ మాట సత్సంగంలో గొంతెత్తి చెప్పగలను. అయినా ఫోను చేశాక వచ్చిన మొదటి ఆదివారం పన్నెండుకే భోంచేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, ఫోను ముందు పెట్టుకొని కూర్చున్నాను. మ్యాట్నీ వేళ దాటింది. ఆలస్యంగా బయల్దేరారేమో అనుకున్నాను. నాలుగయ్యాక చొక్కా విప్పి కొయ్యకు తగిలించాను.