నగరం కోసం తీసిన ఫోటో

మా ఊరికి ఆనుకొని ఉన్న పట్టణానికి నగర హోదా ఇవ్వాలని కోరుతూ విజ్ఞాపన రాసే బాధ్యతను మా అయ్యవారు నాకు అప్పగించారు. ఆయన హైస్కూలులో నాకు చరిత్ర చెప్పినవారు. పదో తరగతితో నన్ను పనికి పంపబోతే, ఇంటికి వచ్చి మా నాయనతో వాదించినవారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకొన్న మొదటివాడిని నేనైతే, అందుకు కారణం ఆయనే.

పదవీ విరమణ తరువాత ఆయనకు మిగిలిన కోరిక ఇదొక్కటే. పట్టణంలో కోట ఉంది, రాజులు విడిది చేసిన చరిత్ర ఉంది. తిరుపతి బస్సులు మాత్రం బైపాసు మీద ఆగకుండా వెళ్లిపోతాయి. “కోట కట్టిన ఊరప్పా ఇది! బస్సు నిలబడేదానికి గూడా మనం చెయ్యెత్తి అడుక్కోవాల్నా?” అనేవారు.

చరిత్రకు కొదవ లేదు గాని జనాభా చాలదు. చుట్టుపక్కల పంచాయతీలను కలిపితే తప్ప అర్హత రాదు. వాటిలో మాదీ ఒకటి. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొని వచ్చి, కళ్లు మూతలు పడుతుండగా, సాయంత్రాలు ఆ విజ్ఞాపన రాస్తూ వచ్చాను.

ఒకనాడు అయ్యవారు నాకొక ఫోటో పంపి, కింద ‘ప్రజల మద్దతు’ అని రాయమన్నారు. కొండ వాలులో కందకాలు తవ్వే ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. ముందు వరుసలో మా అమ్మ. అది ప్రభుత్వం పల్లెలకిచ్చే ఉపాధి పని. మా వైపు కరువు పని అంటారు. ఇంటికి వెళ్లి అమ్మకు చూపించాను.

“నగరం కావాలని నువ్వు గూడా నిలబడినావే!”

“నగరమేందిరా? అది హాజరు ఫోటో గదా. పని చూసే మేటు ఫోనెత్తితే నిలబడాల, లేకుంటే ఆ దినం కూలి పడదు. అయ్యోరు ఏందో చెప్పి ఫోనెత్తినాడు, నిలబడితిమి.”

పక్కింటామె నవ్వింది. “ముసలితనంలో అయ్యోరికి మేటు ఉద్యోగం వచ్చినట్టుండాది అనుకొంటిమి నాయనా!”

అమ్మ నవ్వలేదు. “నగరమైతే ఈ పని ఉంటాదా?”

నాకు తెలియదు. మరునాడు విచారించాను. ఉండదు. పంచాయతీ నగరంలో కలిస్తే ఆ పని ఆగిపోతుంది. అయ్యవారి దగ్గరికి వెళ్లి చెప్పాను.

“తెలుసు నాయనా,” అన్నారాయన. “నీళ్లొస్తాయి, దీపాలొస్తాయి, కాలేజీ వస్తాది. కందకాల కోసం ఊరు ఇట్లే ఉండిపోవాల్నా?”

“ఆ మాట చెప్పి, వాళ్లనే అడుగుదాం అయ్యవారూ.”

“చెప్తే నిలబడరు.”

“నిలబడకపోతే ఆ ఫోటో మనది కాదు కదా.”

ఆయన ఫోను తీసి ఆ ఫోటోను మరోసారి చూసుకొన్నారు. చివరికి వస్తానన్నారు.

నా వారపు సెలవునాడు ఇద్దరం కొండ దగ్గరికి వెళ్లాం. వచ్చేదేమిటో, పోయేదేమిటో రెండూ చెప్పాను. తరగతిలో పాఠం అప్పజెప్పినట్లు ఉంది నా గొంతు.

“నగరంలో మాకేం పనిస్తారప్పా?” అని ఒకామె అడిగింది.

అయ్యవారు ఫోను పైకెత్తారు. “నగరం కావాలనేవాళ్లు నిలబడండమ్మా.”

“అయ్యోరా, ఇది హాజరుకు కాదు గదా?” అంది మా అమ్మ.

“కాదమ్మా.”

“అట్లైతే కూసుంటాం. కాళ్లు పీకుతాండాయి.”

ఒక్కొక్కరే కందకాల గట్ల మీద కూర్చున్నారు. కూతురిని కాలేజీకి పంపుతున్న ఒకామె మాత్రం నిలబడి, అటూ ఇటూ చూసింది. “ఒక్కదాన్ని ఏం తీసేది, నువ్వూ కూసో తల్లీ,” అని అయ్యవారు ఫోను జేబులో పెట్టుకొన్నారు.

విజ్ఞాపనలోంచి ఆ ఫోటోను, మా పంచాయతీ పేరును తొలగించాను. కోట గురించిన పేజీలు అలాగే ఉన్నాయి. అయ్యవారు నిదానంగా చదివి సంతకం చేశారు. “జనాభా చాలదని తిప్పి పంపుతారు. అయినా ఇచ్చొద్దాం పద,” అన్నారు.

తిరుపతి కలెక్టరాఫీసులో ఇచ్చి రావడానికి ఇద్దరం బైపాసు దగ్గర నిలబడ్డాం. బస్సు కనిపించగానే ఆయన చెయ్యెత్తారు. అది ఆగలేదు.

“ఇంకొకటి వస్తాది లే,” అన్నారు, మైలురాయి మీద దుమ్ము తుడిచి కూర్చుంటూ. నేనూ పక్కన కూర్చున్నాను.