హేమలత ఆముదం వైద్యం

పెనుకొండ పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచే హేమలతకు ఒకటే గర్వం. తట్టలో చచ్చిన పురుగు ఆమె కంటపడకుండా పోదు! తెల్లారగానే షెడ్డులో దూరి, చచ్చినవాటిని ఏరి సున్నంనీళ్ల బక్కెట్లో పారేసి, ఆ తర్వాతే తక్కినవాటికి ఆకు వేసేది. ఒక్కటి కుళ్లినా తట్టంతా పోతుందని భయం. మొగుడు బాలప్పను ఆ పనికి రానిచ్చేది కాదు. ఆయన కళ్లకు కాఫీ గ్లాసు తప్ప ఇంకేదీ ఆనదట.

అట్లాంటి మనిషికి ముప్పై ఎనిమిదో ఏట లూపస్ వచ్చింది. చెంపలు ఎర్రబారాయి, వేళ్లు ముడవడం కష్టమైంది. హిందూపురంలో డాక్టర్ సుచిత్ర ఓపిగ్గా చెప్పింది.

"ఒంట్లో రోజూ ఎన్నో కణాలు చనిపోతాయమ్మా. వాటిని ఎత్తేసే కణాలు వేరే ఉంటాయి. నీకు ఆ పని వెనకబడింది. చచ్చిన కణాల లోపలి సరుకు బయటపడితే, రోగాలతో పోరాడే నీ రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారు చేస్తోంది. అవి నీ కీళ్లనే, నీ కిడ్నీలనే దెబ్బతీస్తాయి. ఎండకు చర్మంలో కణాలు ఇంకా చస్తాయి, ఎండలోకి పోవద్దు. మాత్రలు ఒక్కరోజు కూడా మానొద్దు."

హేమలత చెవికెక్కింది ఒక్కటే, లోపల శుభ్రం లేదని. ఎంత అవమానం! ఇంటికొచ్చి మాత్రలు పక్కన పడేసి, మూడు రోజులు ఆముదం తాగింది. మరుగుదొడ్డి తలుపుకు విశ్రాంతి లేకుండా పోయింది.

నెల తిరక్కుండానే కాళ్లు వాచాయి, జ్వరం పట్టుకుంది. ఇట్లాగే ఉంటే కిడ్నీలు దక్కవని డాక్టరమ్మ గట్టిగా చెప్పి మళ్లీ మాత్రలు రాసింది. హేమలత వాటిని దిండు కింద దాచింది.

"నా ఒళ్లే నాకు పగైనంక మాత్రలేం జేస్తాయి?" అని బాలప్ప మీద అరిచింది.

పురుగులు ఆగవు కదా. ఆమె షెడ్డు గడపలో కుర్చీ వేసుకుని చూస్తుంటే, బాలప్ప చచ్చినవి ఏరడానికి దిగాడు. కదలకుండా ఉన్నవాటిని గుప్పెడు పట్టుకుని బక్కెట్టు వైపు నడిచాడు.

"ఓర్నాయనో! యాడికి తీస్కపోతాండావు? బతికుండాయి అవి! పొర విడిచేటప్పుడు అట్లే కదలకుండా ఉంటాయి!"

బాలప్ప మొహం చిన్నబోయింది. "సచ్చినాయనుకుంటి మే. తట్టకు మంచి జరగాలనే గదా జేస్తాండా."

తిట్టబోయిన హేమలత ఆయన గుప్పిట్లోని పురుగుల్ని చూసింది. తన ఒళ్లు కూడా ఇట్లాగే, మంచి చేస్తున్నాననుకుని బతికున్నవాటి మీద చెయ్యి వేస్తోంది. ఆ ఒంటి మీద ఇన్నాళ్లూ పెంచుకున్న కోపం కరిగి, కింద దాగిన భయం బయటికొచ్చింది. ఆమె ఏడ్చేసింది.

"కిడ్నీలు పోతాయేమోనని భయమైతాందబ్బా."

బాలప్ప పురుగుల్ని ఒక్కొక్కటిగా తట్టలో సర్ది, చేతులు కడుక్కుని, దిండు కింద వెతికి మాత్ర, నీళ్లు తెచ్చాడు. ఆమె మింగింది.

"నేను మర్సిపోతా," అంది కళ్లు తుడుచుకుంటూ. "రేపు గూడా నువ్వే ఇయ్యి."