చివరి నీలం డబ్బా

మా కింది వాటా అన్న పోయాడని తెలిసినప్పుడు నేను క్యాంపస్‌లో పాఠం చెబుతున్నాను. ఫోన్ ఎత్తగానే వదిన, "చెల్లే, మీ అన్న లేస్తలేడు" అంది. పిల్లలకు ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు. తార్నాకలో ఇంటి దాకా నా స్కూటీయే నన్ను తీసుకొచ్చింది. ఇరవై రెండేళ్ల ఆ బండి ఇంకా నడుస్తోందంటే అన్న చలవే.

అన్న యూనివర్సిటీ బస్సుల షెడ్డులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. నేను పీహెచ్‌డీలో చేరి వాళ్ల పై వాటాలో అద్దెకు దిగిన వారానికే నా బండి ఆయన కంట పడింది. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, నూనెను రెండు వేళ్ల మధ్య రాసి, వాసన చూసి, "ఎవడు పోసిండమ్మా గీ కషాయం?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు చెల్లెలిని, నా బండి ఆయన చేతి రోగి.

ఆయన వాడేది నీలం డబ్బాలో వచ్చే ఇంజిన్ ఆయిల్. దాన్ని పేరుతో ఎన్నడూ పిలవలేదు, "మనది" అనేవాడు. "నూనె మార్చాలె, డబ్బా మార్చొద్దు" అన్నది ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. గల్లీలో ఎవరైనా వేరే ఆయిల్ పేరెత్తితే ఖాయమైన సంబంధం తప్పిపోయినట్టు ముఖం పెట్టేవాడు. ఒకసారి ఆయనకు జ్వరమొచ్చిందని, శ్రమ పెట్టడమెందుకని, హబ్సిగూడలో ఒక షాపులో సర్వీసింగ్ చేయించాను. అన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే బండి కింద పాత బేసిన్ పెట్టి, పోసి పదిరోజులు కాని ఆ నూనెనంతా దింపేశాడు. "పారబోస్తావా అన్నా?" అంటే, "ఎందుకు? గేటు కీళ్లకు పనికొస్తది" అన్నాడు. మా గేటు ఈనాటికీ కిర్రుమనలేదు.

పొద్దున ఆరింటికి ఆయన తన పాత మోటార్‌సైకిల్‌ను కిక్కు కొట్టి రెండు నిమిషాలు ఆపకుండా అలా ఉంచేవాడు. ఆ చప్పుడు వినే వదిన చాయ్ పెట్టేది. మూడు గ్లాసులు. ఒకటి మెట్ల మీద కూర్చున్న నాకు.

మూడేళ్ల కిందట ఆ నీలం డబ్బా రావడం ఆగిపోయింది. తయారుచేసేవాళ్లు కంపెనీ మూసేశారట. అన్న కాచిగూడ నుంచి మల్కాజ్‌గిరి దాకా షాపులన్నీ గాలించి, మిగిలిన డబ్బాలు గోనెసంచిలో తెచ్చి మెట్ల కింద అలమారలో దాచాడు. "నా బండికి, నీ బండికి ఇంకేం ఫికర్ లేదు" అన్నాడు.

కొన్నాళ్లకు ఆయన మోటార్‌సైకిల్ పక్కన నల్ల బాటిల్ ఒకటి చూశాను. వేరే ఆయిల్! ఊరుకుంటానా? గల్లీలో నలుగురూ ఉండగా, "ఏందన్నా, ఈ వయసుల పార్టీ మారినవా?" అన్నాను. అందరూ నవ్వారు. అన్న చేతులు తుడుచుకుంటూ, "ఏం జేస్తం చెల్లే, గాలి మారింది" అని తనూ నవ్వాడు. ఆ తర్వాత కనబడినప్పుడల్లా అదే మాటతో ఆటపట్టించాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

దినాలు అయిపోయాక వదిన నన్ను పిలిచి నీలం డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. ఆఖరిదట.

"అన్న బండికి ఉండనీ వదినా."

"గా బండికి ఇది ఏడ పోసిండు? దొరుకుడు బందైన కాడికెళ్లి నల్ల బాటిలే. ఉన్నయన్ని నీకే దాచిండు. 'నా బండి నేను చెప్తే ఇంటది, చెల్లె బండి ఇనది' అనెటోడు. తెలిస్తే తీస్కోవని నన్ను చెప్పనియ్యలే."

"మరి అందరి ముందట నేను అట్ల నవ్వితే..."

"ఇంట్లకొచ్చి ఆయన గూడ నవ్వెటోడు."

అప్పుడు ఏడ్చాను. అన్న పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ముందే దిగి, ఆయన నేర్పినట్టే మోటార్‌సైకిల్ కింద బేసిన్ పెట్టి పాత నూనె దింపాను. నీలం డబ్బా ఆఖరి చుక్క దాకా వంచి పోశాను. నా స్కూటీకి ఇక నల్ల బాటిలే. వినకపోతే వినేదాకా చెబుతాను. వేళ్లకంటిన నూనెను రాసి చూసుకున్నాను, నాకేమీ తెలియకపోయినా. మూడో కిక్కుకు బండి అందుకుంది.

లోపల పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. బండిని అలాగే ఉంచి మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి వదిన చాయ్ తీసుకుని గుమ్మంలోకి వచ్చి, నడుస్తున్న బండిని చూస్తూ అక్కడే నిలబడిపోయింది. పళ్లెంలో మూడు గ్లాసులు ఉన్నాయి.