గుర్రాన్ని చూడటానికి సూర్ ప్రయాణం

శుక్రవారం పొద్దున ఏడున్నరకు, గల్ఫ్‌లో మేం పనిచేసే రూవిలో, సముద్రపొడ్డు ఊరు సూర్‌కు బస్సెక్కాం, నేనూ నా రూమ్మేట్ పోశన్నా. వెళ్లేది ఒక గుర్రాన్ని ఆఖరిసారి చూడటానికి. ఆ గుర్రం వీడియో గేమ్‌లో ఉంటుంది.

నవ్వకండి, మీకంటే ముందు నేనే నవ్వాను. గేమ్ పెట్టె మా ఇంకో రూమ్మేట్ లచ్చన్నది. మా రూమ్‌లో వంట వంతుల్లాగే ఆట వంతులూ నడిచేవి. కాల్పులు, దోపిడీలు చేస్తేనే కథ ముందుకు సాగే ఆట అది. పోశన్న వాటి జోలికే పోలేదు. పడుతూ లేస్తూ ఒక అడవి గుర్రాన్ని పట్టి, రాజు అని పేరు పెట్టి, దాని మీద తిరిగేవాడు. "సైట్, రూమ్, మల్ల సైట్. గీ ఆటల ఏ గుట్ట కనవడితే ఆ గుట్టకు పోవచ్చు. ఎవ్వడడ్గడు" అనేవాడు. తర్వాత కంపెనీ లచ్చన్నను సూర్ సైట్‌కు పంపింది, పెట్టె కూడా వెళ్లింది. మొన్న ఫోన్ చేశాడు. "మెమరీ నిండింది. శుక్రారం పాత ఆట తీసేసి క్రికెట్ ఎక్కిస్త. రాజును సూడాల్నంటే వచ్చి సూస్కో." పోశన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమ కిటికీ పట్టండి, సముద్రం కనిపిస్తుంది. పోశన్న మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. ముందు సీట్లో కూర్చున్న భీమవరం నర్సు ఒకావిడ వెనక్కి తిరిగింది.

"ఎవరికండీ ఒంట్లో బాలేదు?"

"మా రాజుకమ్మా. ఇయ్యాల్టితోని ఆఖరు" అన్నాడు పోశన్న.

ఆవిడ అక్కడికక్కడే కళ్లు మూసుకుని రాజు కోసం ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక రాజు వయసెంతని అడిగింది. అది ఆటలోని గుర్రమని నేను ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ ముందుకు తిరుగుతూ, "చేసేశాను కదండీ, ఉండనివ్వండి" అంది.

సూర్‌లో మలబారు హోటల్లో పరోటా తిని (నేనొక్కణ్నే), లచ్చన్న రూమ్‌కు చేరేసరికి మధ్యాహ్నమైంది. పోశన్న టీవీ ముందు కూర్చుని, ఆటలో రాజును పచ్చిక ఉన్న వాగొడ్డుకు తీసుకెళ్లాడు. జీను విప్పాడు. "ఇగ పో, రాజూ" అని నడిచాడు. గుర్రం వెంటే వచ్చింది. ఉరికాడు, ఉరికింది. వాగు దాటాడు, ఈదుకుంటూ వచ్చింది. రూమ్ జనమంతా టీవీ ముందు నిలబడి "పో, పో" అని చేతులు విసిరారు. ఒక బెంగాలీ ఆయన చెప్పు కూడా చూపించాడు. సాయంత్రానికి ముందు వచ్చే అసర్ నమాజు పిలుపు వినిపించే దాకా ఇదే తంతు. చివరికి లచ్చన్న కళ్లు తుడుచుకుని, "క్రికెట్ లేదు, ఏం లేదు. ఉండనియ్యండ్రి" అన్నాడు.

సాయంత్రం బస్సు దాదాపు ఖాళీ. లచ్చన్న కట్టిచ్చిన చేపల కూర అన్నం పోశన్న ఆవురావురుమంటూ తింటుంటే అతని ఫోన్ మోగింది. లచ్చన్న. చెయ్యి ఖాళీ లేక స్పీకర్లో పెట్టాడు.

"నువ్ జీను విప్పిపోతివి. ఇప్పుడు నన్ను ఎక్కనిస్తలేడే. మొఖం తిప్పుకుంటుండు."

"అలిగిండు. మెల్లగ దగ్గరికి పో" అన్నాడు పోశన్న.

కొండల మధ్యకు రాగానే సిగ్నల్ పోయింది. ఈ ఆటల్లో ఏముందని మనుషులు ఇంతగా ఊగిపోతారో చూసి నవ్వుకుందామనే నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఇప్పుడు కొండలు దాటి సముద్రం మళ్లీ పక్కకు వచ్చినా చూడబుద్ధి కాలేదు. సిగ్నల్ రాగానే పోశన్న చేతిలోంచి ఫోన్ లాక్కుని మళ్లీ కలిపాను.

"లచ్చన్నా, క్యారెట్ పెట్టి చూశావా?"