ఓర్డెల్‌కి పడని నారింజ వైరు

ఓర్డెల్ నైగార్డ్‌కి ఈ లోకంలో శత్రువు ఒక్కటే. కంప్యూటర్ డబ్బాలో హార్డ్ డిస్కుకి కరెంటు తీసుకెళ్ళే కేబుల్లోని నారింజ రంగు వైరు. పక్కనే ఎర్రది, పసుపుది, రెండు నల్లవి ఉంటాయి. వాటితో ఆయనకి ఏ పేచీ లేదు. నారింజది కంటబడితే మాత్రం దాన్ని కత్తిరించేదాకా ఆయనకి ముద్ద దిగదు.

మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. టామరాక్ ఫాల్స్ అనే ఆ చలి ఊళ్ళో ఆయన కట్టర్ పడని కంప్యూటర్ లేదని ప్రతీతి. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని కూడా, "ఎక్స్‌రేలు దాచే డబ్బా ఏదీ?" అని నోట్లో దూదితోనే అడిగాడు. ఊరి రేడియోలో పొలం వార్తలు చదివే డూవేన్ కూతురి పెళ్ళిలో కేకు కోసే వేళకి మనిషి మాయం. వెతగ్గా వెతగ్గా పాటలు వేసే కుర్రాడి బల్ల కింద రెండు బూట్లు కనిపించాయి. అంతకంటే ఘోరం, గుండర్సన్ అంత్యక్రియల భోజనాల దగ్గర ఆ విధవరాలి చెయ్యి పట్టుకుని, "ఆయన పోయారు, సరే. ఆయన కంప్యూటర్ ఎక్కడుందమ్మా?" అనేశాడు.

లవోన్‌కి మాత్రం ఇది నవ్వులాట కాదు. పాత పాలకేంద్రం భవనంలో ఊరి రేడియో నడిపేది ఆవిడే. ఈ చుట్టుపక్కల నలభై ఏళ్ళుగా అకార్డియన్ వాయించినవాళ్ళందరి పాటలూ ఆవిడ డిస్కులో ఉన్నాయి. టేపులు బూజుపట్టి పోయాయి, వాయించినవాళ్ళలో చాలామంది పోయారు. మిగిలింది ఆ డిస్కొక్కటే.

అలాంటి చోటికి శరదృతువులో ఒకనాడు ఓర్డెల్ ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని దిగాడు.

"ఒక్క వైరు కత్తిరించి పోతాను."

"కత్తిరించవు. కాఫీ తాగి పో."

"అబ్బే, వద్దులే."

"ఉందయ్యా, తాగు."

"నీకెందుకు శ్రమ."

"శ్రమేముంది, ఇదిగో పెడుతున్నా."

"సరే, మరీ అంతగా అంటే."

మూడోసారి అడిగితే గానీ ఆ ఊళ్ళో ఎవరూ దేనికీ సరే అనరు. అది మర్యాద. కానీ కాఫీ తేవడానికి వెళ్ళిన లవోన్, గ్రామఫోను రోజుల కబుర్లు చెప్పే పక్కింటావిడకి చిక్కి, చాలాసేపటికి కప్పుతో తిరిగొచ్చింది. అప్పటికి ఓర్డెల్ డబ్బాకి మూత బిగిస్తున్నాడు. కింద నేలమీద చిన్న నారింజ ముక్క.

"ఇంకోసారి నా స్టేషన్లో ఆ కట్టర్ కనిపిస్తే నీ మీసం కత్తిరిస్తా!" అని అరిచింది లవోన్. ఓర్డెల్ మీసం మీద చెయ్యి పెట్టుకుని, కాఫీ కప్పుతో సహా పారిపోయాడు.

చలి ముదిరాక ఒక శుక్రవారం కంప్యూటర్ డబ్బాలో అన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై చచ్చిపోయింది. మర్నాడే వృద్ధాశ్రమంలో హుల్డా ముసలమ్మకి తొంభయ్యో పుట్టినరోజు. ఆవిడ మొగుడు బతికున్నప్పుడు వాయించిన పోల్కా డాన్సు పాట వినిపిస్తానని లవోన్ వారం నుంచీ రేడియోలో ఊదరగొడుతోంది. లవోన్ కొత్త పవర్ సప్లై తెచ్చి తనే బిగించింది. పాత కేబుళ్ళు ఎలాగూ డిస్కుకి తగిలించే ఉన్నాయి కదా అని వాటినే కొత్తదాంట్లో దూర్చింది. చక్కగా దూరాయి. మీట నొక్కింది. టప్పుమంది. కాలిన వాసన గదంతా కమ్మింది.

పొలం వార్తలు చదవడానికి వచ్చిన డూవేన్ ముక్కు మూసుకున్నాడు. "ఓర్డెల్‌ని పిలు."

"చచ్చినా పిలవను."

"హుల్డా రేపు పొద్దున్నే జుట్టు కూడా వంకీలు తిప్పించుకుంటుందట."

లవోన్ ఫోను తీసింది.

ఓర్డెల్ చెవులు కప్పే టోపీ కూడా తియ్యకుండా డబ్బాలోకి తొంగి చూశాడు. "పాతదాని కేబుల్ కొత్తదానికి పెట్టావా?"

"దూరింది కదా!"

"నా బూట్లో నీ కాలూ దూరుతుంది. వేసుకుని నడిచి చూడు. ప్లగ్గు పైకి ఒకలాగే ఉంటుందమ్మా, లోపల ఒక్కో కంపెనీ వైర్లు ఒక్కోలా వేస్తుంది. ఈ డిస్కు కాలిపోయింది."

లవోన్ నేలమీద కూలబడింది. నలభై ఏళ్ళ పాటలు తన చేతులతోనే కాల్చేసింది. ఆవిడకి ఏడుపు కూడా రాలేదు.

ఓర్డెల్ గొంతు సవరించుకున్నాడు. "మరి, నేను కత్తిరించిన కేబుల్ కూడా తగిలించావా?"

"ఆ అవిటి కేబులా? బంగారంలాంటి కొత్తదానికి అదొకటెందుకని వదిలేశా."

అంతే, ఓర్డెల్ డూవేన్ నడుం పట్టుకుని గదిలో రెండు చుట్లు పోల్కా ఆడేశాడు. డూవేన్ చేతిలోని పందుల ధరల కాగితాలు ఎగిరిపోయాయి.

"పిచ్చి ముదిరిందా నీకు?" అంది లవోన్.

"ఆ అవిటిదాని చివర ఏముందో చూడు!"

డబ్బా అడుగున, వెనక మూల, ఇంకో డిస్కు బిగించి ఉంది. అది డబ్బాలో భాగమే అనుకుని ఆవిడ ఏనాడూ పట్టించుకోలేదు.

"ఈ డిస్కులు సేల్లో చవగ్గా, ప్లాస్టిక్ పెట్టెల్లో వస్తాయి" అన్నాడు ఓర్డెల్, దొంగతనం బయటపడ్డవాడిలా. "పెట్టె పగలగొట్టి డిస్కు బయటికి తీస్తా. కానీ వీటికొక జబ్బు. నారింజ వైర్లో కరెంటొస్తే పడుకోమన్నారనుకుని లేవవు. అందుకని దాన్ని కత్తిరించాలి. ప్రతి ఆదివారం మీరంతా చర్చిలో ఉండగా నీ పాటలన్నీ దీంట్లోకి కాపీ అవుతాయి. నువ్వు కేబుల్ తగిలించలేదు కాబట్టి ఇది కాలలేదు, కిందటి ఆదివారం దాకా అన్నీ ఉంటాయి."

లవోన్ కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే పళ్ళ డాక్టరు దగ్గరా? గుండర్సన్ ఇంట్లోనా?"

"ఆయన మనవల ఫొటోలన్నీ ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి మరి."

"నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏమంటావు? అబ్బే వద్దంటావు. మళ్ళీ అడిగితే నీకెందుకు శ్రమంటావు. మూడోసారికి గానీ ఒప్పుకోవు. కాఫీకే మనకి ఇంత తతంగం, డిస్కంటే మాటలా? ఊరందర్నీ మూడేసి సార్లు బతిమాలడం నా వల్ల కాదమ్మా. వైరు కత్తిరిస్తానంటే ఒక్కసారి తిట్టి ఊరుకుంటారు."

కొత్త పవర్ సప్లైతో వచ్చిన కేబుల్ దాని అట్టపెట్టెలోనే ఉంది. ఓర్డెల్ దాన్ని తీసి, కట్టర్ లవోన్ చేతిలో పెట్టాడు. ఆవిడ నారింజ వైరు కోసం వెతికి, పట్టుకుని, కసుక్కున కత్తిరించింది. ఎంతో హాయిగా అనిపించింది. "ఇంకోటి ఉందా?" అని అడిగింది.

మర్నాడు పోల్కా మోగింది. హుల్డా ముసలమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "ఆ మూడో చరణం ఇప్పటికీ తప్పే వాయిస్తున్నాడు" అని మురిసిపోయింది.

ఆ సాయంత్రం లవోన్ బంగాళాదుంపలు వేసి ఓవెన్లో కాల్చిన హాట్‌డిష్ గిన్నెతో ఓర్డెల్ తలుపు తట్టింది.

"అబ్బే, ఎందుకమ్మా ఇవన్నీ, వద్దు."

"నీకెవరిస్తున్నారు? నీ ఫ్రిజ్‌లో బల్బు వెలుగుతోందో లేదో చూసి పోదామని వచ్చా, తప్పుకో" అని ఆవిడ తిన్నగా వంటగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది.

గిన్నె పెట్టడానికి చోటు లేదు. పళ్ళ డాక్టరుగారి అడవిబియ్యం సూపు, గుండర్సన్ భార్య నిమ్మకాయ మిఠాయి బార్లు, మూలనెక్కడో డూవేన్ పట్టిన చేప కూడా ఉన్నాయి. ఈ డూవేన్ నోట్లో మాట ఒక్క పూట దాగదు కదా అనుకుంది లవోన్.

"పొద్దున్నుంచీ ఊరంతా ఆ బల్బు చూడ్డానికే వస్తోంది" అన్నాడు ఓర్డెల్ దీనంగా. "ఇంతకీ అది వెలుగుతోందా?"

"ఏమో, గిన్నెల వెనకాల ఎక్కడో ఉంది, కనబడట్లేదు" అంది లవోన్, సూపుని కాస్త పక్కకి నెట్టి తన గిన్నె ఇరికిస్తూ.