వదిన ముక్కు

వికారాబాదులో మేముండే ఇంటి పక్కావిడ పొద్దున వెన్న కాచింది. గోడ దాటి వచ్చిన ఆ కమ్మదనానికి ఎవరికైనా ఆకలి వేస్తుంది. నాకు మాత్రం కడుపు మండింది.

తాండూరులో మా నాయనది నెయ్యి వ్యాపారం. పెద్దేముల్ వైపు పల్లెల నుంచి గొల్లవాళ్లు కుండలతో తెచ్చేవారు. నాయన ఒక చుక్క తీసి ముంజేతి మీద రుద్ది, కళ్లు మూసుకుని వాసన పీల్చి, పాతది కలిసిందో లేదో చెప్పేవాడు. నాకు పదేళ్లప్పుడు ఆయనకు విషజ్వరం వచ్చింది. అది పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. పక్కన అన్నం మాడినా ఆయనకు తెలిసేది కాదు. బజారుకు తెలిస్తే దుకాణం మూసుకోవలసిందేనని అమ్మ మాతో ఒట్టు వేయించింది. ఇక నాయన పక్కన కూర్చుని ఆయనకు బదులు వాసన చూసే మనిషి కావాలి. నన్నే పిలుస్తాడని జడ వేసుకుని సిద్ధమయ్యాను. పిలిచింది మా ఇంట్లోనే ఉండి చదువుకునే మేనత్త కూతురిని, నాకన్నా ఏడాది పెద్దదైన వదినను.

"నీకు సర్ది వట్టి ముక్కెప్పుడూ కారుతనే ఉంటది గద బిడ్డా," అన్నాడు నాయన. నిజమే. నిజం కాబట్టే మంట.

నెయ్యి మంచిదైతే వదిన చెవికమ్మ సవరించుకునేది, కాకపోతే జడ ముందుకు వేసుకునేది. నాయన కళ్లు మూసినట్టే మూసి, ఒక కన్ను ఓరగా తెరిచి చూసి తీర్పు చెప్పేవాడు. ఒకరోజు నెయ్యి తెచ్చిన గొల్ల అవ్వ ఎదుటే ఆయన వదిన తల నిమిరాడు. నలుగురిలో నోరు విప్పని నేను గుమ్మంలోంచి అరిచేశాను.

"అవ్వా, మా నాయనకు వాసనే రాదు! చూసేది మా వదిన!"

నాయన చేతిలో గరిటె ఆగిపోయింది. అవ్వ పకపకా నవ్వింది.

"గది మాకెప్పుడో ఎర్కనే బిడ్డా. జరమొచ్చి లేసినంక మాడిన నెయ్యి మస్తుగున్నదన్నడు గద మీ నాయన! గప్పటి సంది జర ఎక్కువ మంచిదే తెస్తున్నం. ముక్కు లేనోన్ని మోసం జేస్తమా?"

నాయన నన్ను తిట్టలేదు. ఇక సైగలతో పని లేదు, వదినతోనూ పని లేదనుకున్నాను. అయినా ఆమె అక్కడే కూర్చుంది. తొలకరి పడిన సాయంత్రం "ఎట్లున్నదే వాన వాసన?" అని నాయన అడిగింది ఆమెనే.

"మంచిగున్నది మామా," అంది వదిన. అంతే! ఆయన తృప్తిగా తలూపాడు.

నేను లోపలికి వెళ్లి, వేడి నాపరాళ్లు తడిసిన వాసన, గోనెసంచులు నానిన వాసన అంటూ డైరీలో ఒకటిన్నర పేజీ రాశాను. వదిన పెళ్లయి ధారూర్ వెళ్లి నాలుగేళ్లయింది. ఆ పేజీ నాయనకు చదివి వినిపించాలని ప్రతి తొలకరికీ అనుకుంటాను. సిరా ఏటేటా వెలిసిపోతోంది. నాకు సిగ్గు వదిలేదాకా కాలం ఆగుతుందన్న నమ్మకం లేదు.