సమ్మమ్మ చేను మోకా

సమ్మమ్మ నడుముకు కొడవలి చెక్కుకొని రోజూ పొద్దున్నే చేనుకు పోతుంది. చేను మాత్రం లేదు. పోయిన వానకాలం ఆకేరు వాగు ఒడ్డును కోసుకుంటూ వచ్చి జొన్నచేనంతా మింగేసి, దున్నడానికి పనికిరాని ఇంత అంచును మిగిల్చింది. ఆ అంచున ఆమె ముందు మడమతో నేలను తట్టి చూసి, తర్వాతే అడుగు వేస్తుంది. వాగులో బర్రెలు కడిగే మనిషిని, "ఓ యాకయ్యా, నా చేన్ల బర్లను దింపినవేందిరా!" అని అదిలిస్తుంది. భూమి తల్లివంటిదని ఎవరైనా ఓదార్చబోతే, "తల్లయితే చెప్పకుంట పోతదా?" అని కొంగు దులుపుకొని లేస్తుంది. ఆమెకు కావలసింది ఓదార్పు కాదు, వాగు కోతలో భూమి పోయినవాళ్లకు సర్కారు ఇస్తానన్న సాయం.

దానికోసమే ఒకనాడు రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావరు వచ్చాడు. టెర్లిన్ ప్యాంటు, చేతిలో గొడుగు. మోకా మీద, అంటే స్వయంగా చేనులో నిలబడి, చూస్తే తప్ప నష్టం రాయనని ఆయన పట్టు. "చేను నీళ్లల్ల ఉన్నది సారూ, ఎట్ల నిలబడ్తవ్?" అంది సమ్మమ్మ. "అదంతా నాకెందుకమ్మా?" అంటూ ఆయన అంచు చివరిదాకా నడిచాడు. "అంత కొసకు పోకు సారూ, జర మడిమెతోని తట్టి చూడు!" అని ఆమె అరుస్తుండగానే అంచు విరిగింది. గిర్దావరు నడుములోతు నీళ్లలో లేచి నిలబడ్డాడు. ఎత్తిపట్టిన గొడుగు ఒక్కటే తడవలేదు. సమ్మమ్మ ఒడ్డున బోర్లా పడుకొని చెయ్యి చాపింది, అందబోయేముందు ఆపింది.

"ఇప్పుడు నా చేన్లనే నిలబడ్డవు. మోకా అయినట్టేనా సారూ?"

"అయింది తల్లీ, అయింది! ముందు చెయ్యియ్యి!"